ఐపీ పెట్టడం

అప్పు ఎగ్గొట్టడానికి తెలుగు బజారులో బాగా నలిగిన మాట ‘ఐపీ’. చిట్టీలు వేసే ఆమె ఇంటికి తాళం వేసి వెళ్లిపోయినా, పత్తి కొన్న వ్యాపారి రైతుల చేతికి డబ్బివ్వకుండా తిప్పించుకుంటున్నా, నిజంగానే చితికిపోయిన దుకాణదారు కోర్టు మెట్లెక్కినా ఊళ్లో వినిపించేది ఒకటే: “వాడు ఐపీ పెట్టేశాడు.” ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న మాటకు అది పొట్టి రూపం. అప్పులు తీర్చే శక్తి తనకు లేదని అప్పు పడ్డ మనిషి కోర్టుకు రాసిచ్చుకునే దరఖాస్తు అది. అలా రాసివ్వడం నేరం కాదు, చట్టం ఇచ్చిన వెసులుబాటు. వాడుకలో మాత్రం ఆ మాట మోసానికి మారుపేరుగా స్థిరపడిపోయింది.

మోసాన్ని చెప్పడానికి తెలుగులో మాటల కరువేమీ లేదు. వంచన, దగా, టోకరా, బురిడీ, కుచ్చుటోపీ ఉన్నాయి. నుదుట దిద్దుకునే నామం, విష్ణ్వాలయంలో భక్తుడి తలమీద ఉంచే శఠగోపం కూడా ఈ అర్థంలోకి దిగివచ్చాయి. డిపాజిట్లు పోగేసి మాయమైన కంపెనీ ‘బోర్డు తిప్పేసింది’ అంటారు. ‘దివాలా తీశాడు’ అన్నప్పుడు కాస్త జాలి కూడా వినబడుతుంది. ఐపీకి ఆ జాలి దక్కలేదు. టోపీ పెట్టడం, నామం పెట్టడం, శఠగోపం పెట్టడం అనే వరుసలోకి ఐపీ పెట్టడం కూడా వచ్చి చేరింది. ‘పెట్టడం’ అనగానే ఎదుటివాడిని ముంచాలన్న ఉద్దేశం అందులో కలిసిపోతుంది. కోర్టు ఇంకా తేల్చని సంగతిని ఊరు ఆ క్రియతోనే తేల్చేస్తుంది.

ఈ దరఖాస్తుకు ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. అంతకుముందు 1907లో వచ్చిన చట్టం స్థానంలో దీన్ని తెచ్చారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909 నాటి చట్టం వేరే ఉంది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, అందులో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకే అమలు చేశారు. చిల్లర వర్తకుడు, రైతు, చిట్టీల నిర్వాహకుడు వంటివారికి పాత చట్టమే దారి. అందులోని అంకెలు కూడా ఆ కాలానివే. అప్పు రూ.500 ఉంటే చాలు, తీర్చలేనని పిటిషన్ వేయవచ్చు. అప్పు ఇచ్చినవాడు కూడా, బాకీదారు ఆస్తులు దాటిస్తున్నాడనో, పారిపోయాడనో చూపించి అతణ్ణి దివాలాదారుగా ప్రకటించమని, ఆ పని జరిగిన మూడు నెలల్లోపు కోర్టును కోరవచ్చు. ఆ సంగతి చాలామందికి తెలియదు. ఐపీ అంటే బాకీదారుకే దక్కిన ఆయుధమనుకుంటారు.

పిటిషన్‌లో అప్పులవాళ్ల పేర్లు, చిరునామాలు, ఎవరికెంత ఇవ్వాలో, తనకున్న ఆస్తి ఏమిటో రాయాలి. కోర్టు అందరికీ నోటీసులు పంపుతుంది. ఊళ్లో గగ్గోలు మొదలయ్యేది ఆ నోటీసు అందిన రోజునే. దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టు చేతికో, కోర్టు నియమించే రిసీవర్ చేతికో వెళ్తుంది. పనిముట్లు, కట్టుబట్టలు వంటి జప్తుకు వీల్లేనివి అతనికే మిగులుతాయి. ఆ తరువాత కోర్టు అనుమతి లేకుండా ప్రోనోటు పట్టుకుని ఎవరికి వారు విడివిడిగా దావా వేయడానికి వీలుండదు. ఉన్న ఆస్తి అమ్మగా వచ్చినదాన్ని అందరూ దామాషాలో పంచుకోవాలి. తనఖా ఉన్నవారికి మాత్రం తమ తనఖా మీద హక్కు చెడదు. ముందు వచ్చి గొడవ చేసినవాడికే అంతా దక్కి, వెనక నిలబడ్డ విధవరాలికి ఏమీ మిగలకుండా పోకూడదన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. చట్టం ఇంతవరకు న్యాయంగానే ఉంది.

చెడేది పిటిషన్‌కు ముందు. అప్పులు తలకు మించాయని తెలిసినవాడు ఇల్లు భార్య పేరునో, పొలం బావమరిది పేరునో రాసేస్తాడు. దగ్గరివాళ్ల బాకీ చడీచప్పుడు లేకుండా తీర్చేస్తాడు. ఆ తరువాత చేతులు ఖాళీ అని కోర్టుకు వస్తాడు. ఐపీ అన్న మాటకు చెడ్డపేరు తెచ్చింది ఈ పద్ధతే. చట్టం రాసినవారు దీన్ని ముందే ఊహించారు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు చేసిన ఆస్తి బదిలీలను, నిజాయితీగా విలువ చెల్లించి కొన్నవి, పెళ్లి నిమిత్తం పెళ్లికి ముందు ఇచ్చినవి తప్ప, రద్దు చేయించవచ్చు. మూడు నెలల్లోపు ఒక్కరికే మేలు చేయాలని తీర్చిన బాకీ కూడా చెల్లదు. లెక్కల పుస్తకాలు దాచినా, ఆస్తి దాచినా ఏడాది వరకు జైలుశిక్ష ఉంది.

దివాలా ప్రకటనతో అప్పులన్నీ రద్దయిపోతాయన్నది మరో అపోహ. విముక్తికి మళ్లీ వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. ఆస్తి విలువ అప్పుల్లో రూపాయికి ఎనిమిదణాలకు, అంటే సగానికి కూడా సరిపోకపోతే, అది తన తప్పు వల్ల కాదని అతను కోర్టును ఒప్పించాలి. తీర్చే ఆశ లేకుండా అప్పు తెచ్చినా, జూదంలో, దుబారాలో పోగొట్టినా కోర్టు పూర్తి విముక్తి ఇవ్వదు. విముక్తి వచ్చినా, మోసం చేసి తెచ్చిన అప్పు మాత్రం మాఫీ కాదు.

ఫోర్ ట్వంటీ అన్న మాటతో ఐపీని కలిపేయడం వల్ల కూడా నష్టం జరుగుతోంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 420వ సెక్షన్ మోసగించి ఆస్తి రాబట్టడానికి ఏడేళ్ల వరకు శిక్ష చెప్పింది. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఉంది. జనం నోట్లో మాత్రం పాత అంకే నిలిచింది. ఆ నేరం రుజువు కావాలంటే డబ్బు తీసుకునే రోజునే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో ఈ సంగతి చెప్పింది. నిజాయితీగా తెచ్చి, పంట పోయో, సరుకు ధర పడిపోయో తీర్చలేకపోయినవాడు ఈ సెక్షన్ కిందికి రాడు. అలాంటివాణ్ణి కూడా ఊరు మోసగాడి పేరుతోనే పిలుస్తుంది. ఆ పేరుకు భయపడి ఎందరో చట్టం ఇచ్చిన దారి తొక్కరు. కొత్త వడ్డీతో పాత వడ్డీ కడుతూ మరింత లోతుకు వెళ్తారు, కొందరు ప్రాణాలే తీసుకుంటారు. ఓడిపోయినవాడికీ ముంచినవాడికీ ఒకే మాట వాడడం ఆ కుటుంబాలకు చేస్తున్న అన్యాయం.

ఇక నోటీసు అందుకున్నవారు చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది దాన్ని చూసి ‘మన డబ్బు పోయింది’ అని పెట్టెలో పడేస్తారు. అలా చేస్తే దాచిన ఆస్తి దాచినవాడికే మిగులుతుంది. రద్దు చేయించాల్సిన బదిలీలను రిసీవర్ పట్టించుకోకపోతే, కోర్టు అనుమతితో అప్పు ఇచ్చినవారే పిటిషన్ వేయవచ్చు. కానీ ఆ హక్కు తన బాకీని కోర్టులో రుజువు చేసుకున్నవారికే ఉంది. కాబట్టి ఐపీ నోటీసు వస్తే ప్రోనోటు, రసీదులు, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని వాయిదా రోజున కోర్టుకు వెళ్లండి. బాకీని అఫిడవిట్‌తో రుజువు చేయండి. గడచిన రెండేళ్లలో బాకీదారు ఎవరి పేరున ఏ ఆస్తి రాశాడో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి.