మాంసం ఉండలు, ద్రాక్ష జెల్లీ

గత శనివారం డాలస్ దగ్గర మా అబ్బాయి వాళ్ల కాలనీలో పాట్‌లక్ జరిగింది. ఇంటికో వంటకం. పులిహోర, గుత్తివంకాయ, చికెన్ పలావు వరసగా పెట్టిన బల్ల చివర, పక్కింటి అమెరికన్ ఆవిడ తన క్రాక్‌పాట్‌ని ప్లగ్గుకి తగిలించి పెట్టింది. మూత తీస్తే నల్లెరుపు పాకంలో మెరుస్తూ చిన్న చిన్న మాంసం ఉండలు, గుచ్చుకుని తినడానికి పక్కన పుల్లలు. మనవాళ్లలో ఒక పెద్దాయన ఇందులో ఏం వేశారని అడిగారు. ద్రాక్ష జెల్లీ అని ఆవిడ చెప్పగానే మొహం చిట్లించి, "మాంసంలో జామ్ ఏంటండీ, చోద్యం కాకపోతే!" అని తెలుగులో అనేసి వెళ్లిపోయారు. మాట తెలియకపోయినా మొహం తెలుస్తుంది కదా. ఆవిడ చిన్నబుచ్చుకుంది. ఆ సంగతి నన్ను వారమంతా వదల్లేదు.

ఈ శీర్షిక మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నా బెల్లంముక్క వాదం కొత్త కాదు. దప్పళంలో బెల్లం ఎందుకని కోప్పడుతూ వచ్చే ఉత్తరాలన్నిటికీ నేను రాసే జవాబు ఒక్కటే: పులుపు ఒంటరిగా ఉంటే నాలుకని కోస్తుంది, తీపి తగిలితేనే నిలుస్తుంది. బెల్లం, చింతపండు, ఉప్పు, కారం ఒకే గిన్నెలో కలిపి అల్లం పచ్చడి నూరుకునే జాతి మనది. పెసరట్టుతో దాన్ని లొట్టలేస్తూ తినే మనం, మాంసం పక్కన తీపి కనబడితే ఎందుకు ఉలిక్కిపడాలి? అమెరికాలో థాంక్స్‌గివింగ్ నాడు టర్కీ కోడి పక్కన క్రాన్‌బెర్రీ సాస్ ఉండి తీరాలి. స్వీడన్‌లో ఇవే మాంసం ఉండల్ని లింగన్‌బెర్రీ జామ్‌తో వడ్డిస్తారు. 

ఇంతకీ ఆ పాకంలో ఉన్నవి రెండే రెండు వస్తువులు. ఒకటి ద్రాక్ష జెల్లీ. అమెరికాలో అది కాంకర్డ్ ద్రాక్షతో చేస్తారు. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో ఎఫ్రాయిమ్ బుల్ అనే ఆయన 1849లో పెంచి తీసిన నల్లద్రాక్ష రకం అది, వాసన చాలా ఘాటు. రెండోది చిల్లీ సాస్. పేరు చూసి గుంటూరు కారాన్ని ఊహించుకోకండి. టమాటా, వెనిగర్, పంచదార, ఉల్లిపాయ కలిసిన పుల్లటి సాస్, కారం నామమాత్రం. వెనిగర్ పులుపుని జెల్లీ తీపి కమ్ముతుంది, జెల్లీలోని పెక్టిన్ పాకానికి ఆ మెరుపు తెస్తుంది. పులుసులో మనం బెల్లంతో చేయించుకునే పనిని ఆవిడ జెల్లీతో చేయించుకుంది.

ఇక ఆ పాత్ర సంగతి. దాని కథ తెలిసినప్పటినుంచీ క్రాక్‌పాట్ అంటే నాకు గౌరవం. లిథువేనియాలోని విల్నా పట్నం నుంచి వలస వచ్చిన ఒక యూదు తల్లి తన కొడుక్కి పుట్టింటి ముచ్చట్లు చెప్పేది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి యూదులకి సబ్బాతు. ఆ వేళ నిప్పు రాజేయకూడదు. అందుకని పొద్దుగూకకముందే మాంసం, చిక్కుళ్లు, బార్లీ, బంగాళాదుంపలు కుండకెత్తి ఊరి బేకరీకి పంపేవారు. రొట్టెలు కాల్చడం అయిపోయి చల్లారుతున్న ఆ పొయ్యి వేడికే కుండ రాత్రంతా మగ్గేది. మర్నాడు ఇంటికి తెచ్చుకుని వేడివేడిగా తినేవారు. ఆ వంటకం పేరు చోలెంట్. కథ విన్న కొడుకు ఇర్వింగ్ నాక్సన్ ఇంజనీరయ్యాడు. కుండ చుట్టూ సమంగా వేడి తగిలేలా కరెంటు పాత్ర తయారుచేసి 1936లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1940లో అది మంజూరైంది. 1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడు క్రాక్‌పాట్ పేరుతో బజారులో పెట్టింది. ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్లు పొద్దున్నే అన్నీ అందులో వేసి, సాయంత్రం ఇంటికొచ్చి మూత తీసుకునేవారు.

ఆ చోలెంట్ కథ చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గారింటి పెరట్లో దాలి కళ్లముందు మెదిలింది. పల్లెటూళ్లలో పెరిగినవాళ్లకి దాలి అంటే చెప్పక్కర్లేదు. పిడకలు పేర్చి, నిప్పంటించి, మంట లేకుండా సెగ మాత్రం ఉండేలా చూసి, పాలకుండ దాని మీద పెట్టేవారు. మధ్యాహ్నం దాకా ఎవరూ కదిపేవారు కాదు. పాలు మరిగి పొంగవు, కాగుతూనే ఉంటాయి. సాయంత్రానికి లేత ఎరుపు తిరిగి, పైన దళసరిగా మీగడ కట్టేది. ఆ మీగడకి పిడకల పొగ వాసన కొంచెం అంటుకునేది. కుండ అడుగున అంటిన గోకుడు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం. అమ్మమ్మ మాత్రం ఆ పూటంతా పొలం పనులు, ఇంటి పనులు చూసుకునేది, పాల దగ్గర కూర్చున్నది నేనెప్పుడూ చూడలేదు. మనిషి కాపలా లేకుండా నిదానంగా అయ్యే వంటని సోమరి వంట అంటే నేను ఒప్పుకోను. విల్నా బేకరీలో రాత్రంతా మగ్గిన కుండా, మా అమ్మమ్మ దాలీ ఒకే తెలివిలోంచి పుట్టాయి.

ఇంత చెప్పాక, ఆ ఉండలకి క్రాక్‌పాట్ అవసరమా అని ఎవరైనా అడిగితే నిజాయితీగా లేదనే చెప్పాలి. నిదానపు సెగ గట్టి మాంసానికి కావాలి. మేక కాళ్లలోని జిగురు, తొడ కండలోని నరాలు కరిగి మెత్తబడడానికి గంటలు పడుతుంది. హలీమ్ భట్టీ మీద పూటలు పూటలు ఉండేది అందుకే. కైమాని యంత్రం ముందే ముక్కలు చేసేసింది, అందులో కరగాల్సింది పెద్దగా ఏమీ మిగలదు. పైగా అమెరికా దుకాణాల్లో దొరికే ఉండలు చాలావరకు ముందే ఉడికించి గడ్డకట్టించినవి. వాటిని నాలుగైదు గంటలు దాటి ఉంచితే లోపల పొడిపొడిగా అయిపోతాయి. మూకుట్లో జెల్లీ, సాస్ కరిగించి, ఉండలు వేసి తిప్పితే అరగంటలోపే అదే వంట సిద్ధం.

అంటే ఆ పాత్ర చేసేది వడ్డన పని. నా లెక్కలో అది వంట కన్నా తక్కువదేమీ కాదు. ముప్పైమంది తలో వేళకి వచ్చే చోట చివర వచ్చినవాడికీ వేడిగా అందుతుంది. వండినావిడ పొయ్యి దగ్గర నిలబడకుండా అందరితో కూర్చుని మాట్లాడుతుంది. మన ఇళ్లలో విందు రోజున చివరికి చల్లటి అన్నం తినేది ఎవరో మీకు తెలుసు.

చేసుకునేవాళ్లకి నా పద్ధతి చెబుతాను. అక్కడివాళ్లు బీఫ్, పోర్క్ వాడతారు, నేను చికెన్ కైమాతో చేస్తాను. 900 గ్రాముల కైమాలో పాలల్లో నానిన రెండు బ్రెడ్ ముక్కలు, ఒక గుడ్డు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, మిరియాల పొడి. గట్టిగా పిసక్కండి, పిసికితే ఉండ రబ్బరవుతుంది. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పైన ఎర్రబడేదాకా కాల్చి, అప్పుడే పాకంలో వెయ్యండి. పచ్చివి నేరుగా వేస్తే విడిపోతాయి, కొవ్వు పైకి తేలుతుంది. చికెన్ ఉండ లోపలి వేడి 74 డిగ్రీలకి చేరాలి. పాకానికి ఒక కప్పు జెల్లీ, 340 గ్రాముల చిల్లీ సాస్ చాలు. జెల్లీ నచ్చనివాళ్లు ఆ రెండిటికీ బదులు అల్లం పచ్చడిని వేడినీళ్లతో జారుగా చేసి పొయ్యండి. నాకైతే అదే ఎక్కువ నచ్చింది. దానికి తప్ప ఇంకెక్కడా నీళ్లు కలపకండి, మూత కింద ఆవిరి బయటికి పోదు కాబట్టి పాకం పలచనవుతుంది.

నలుగురున్న ఇంటికి మూకుడు చాలు. బంధువులు వచ్చే రోజున మాత్రం క్రాక్‌పాట్ తియ్యండి. 'లో' సెగ మీద రెండు గంటలు ఉంచి, తర్వాత 'వామ్'కి మార్చండి. ఊరికే మూత తియ్యకండి, పోయిన వేడి తిరిగి చేరడానికి చాలాసేపు పడుతుంది. వడ్డన పూర్తయ్యేదాకా లోపల వేడి 60 డిగ్రీలకి తగ్గకూడదు.