మార్చే ముందు చూసే విద్య

ఆత్రేయపురం మండలంలో గౌతమి ఒడ్డున ఒక వాడపల్లి ఉంది. నల్గొండ జిల్లాలో కృష్ణలో మూసీ కలిసే చోట ఇంకో వాడపల్లి ఉంది. శనివారం పూట కోనసీమలో వెంకన్న దర్శనానికి బస్సెక్కేవాళ్లకు ఏ వాడపల్లో ఎవరూ చెప్పనక్కర్లేదు. డేటాబేస్‌కు మాత్రం చెప్పాలి. ఊరి పేరునే ఆధారంగా పెట్టుకున్న టేబుల్‌లో ఒక ఊరి లెక్క మరో ఊరి ఖాతాలో పడిపోతుంది. అందుకే ప్రతి ఊరికీ ఎన్నటికీ మారని నంబరు ఒకటి ఇస్తారు. అదే ప్రైమరీ కీ. పేరు దాని పక్కన ఉండే వివరం మాత్రమే.

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ డేటాను ఇలా టేబుళ్లుగా పెట్టుకునే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు చెప్పిన ముఖ్యమైన మాట ఒకటుంది. డేటా డిస్క్ మీద ఎక్కడ, ఏ వరుసలో ఉందో తెలియకపోయినా, కావలసిందేమిటో అడిగి తెలుసుకునే వీలుండాలి. అలా అడగడానికి 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయ్స్ ఒక భాషను తయారుచేశారు. దాన్నే ఇప్పుడు ఎస్‌క్యూఎల్ అంటున్నాం. ఇన్నేళ్లలో కంప్యూటర్లు ఎన్నిసార్లు మారినా ఈ భాష నిలబడింది.

మన వాడపల్లి 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరును ప్రతి వ్యక్తి వివరాల పక్కనా రాసుకుంటూ పోయినవాళ్లు ఆ రోజు లక్షల వరుసలు దిద్దుకోవాలి. ఊరికి మండలం, మండలానికి జిల్లా అని వేర్వేరు టేబుళ్లు కట్టుకున్నవాళ్లకు ఆత్రేయపురం మండలం వరుస ఒక్కటి మారిస్తే చాలు. కానీ పని అక్కడితో అయిపోదు. 2021లో రాసిన పత్రాన్ని ఇవాళ తిరిగి ప్రింటు తీస్తే అందులో తూర్పు గోదావరి అనే ఉండాలి. అంటే పాత వరుసను చెరిపేయకూడదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లా అన్నది కూడా రాసిపెట్టాలి. ఇది ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెప్పదు. ఊరి సంగతి తెలిసినవాడే చెప్పాలి.

ఆ ఒక్క వరుస మార్చే పద్ధతిలోనే డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడి) పనితనం కనిపిస్తుంది. ముందు 'బిగిన్' అంటాడు. ఏ షరతుతో మార్చబోతున్నాడో అదే షరతుతో 'సెలెక్ట్' నడిపి, ఎన్ని వరుసలు వస్తున్నాయో కళ్లారా చూస్తాడు. తర్వాతే 'అప్‌డేట్'. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీఎస్‌క్యూఎల్ అయితే ఎన్ని వరుసలు మారాయో వెంటనే చూపిస్తుంది. ఒకటి రావలసిన చోట మూడు వందలు కనిపిస్తే 'రోల్‌బ్యాక్', అంతా మొదటికొస్తుంది. సరిపోతే 'కమిట్'. డీబీవర్ అనే పనిముట్టులో మాన్యువల్ కమిట్ మోడ్, ప్రొడక్షన్ కనెక్షన్‌కు ఎర్ర రంగు ఉన్నది ఈ జాగ్రత్త కోసమే. నా దృష్టిలో ఈ పనిముట్లలో అన్నిటికన్నా విలువైనవి ఇవే. వేగం పెంచేవాటికన్నా, ఒక క్షణం ఆపి చూపించేవి గొప్పవి.

ఒక హెచ్చరిక: పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ నిర్మాణం మార్చినా, కమిట్ చేయకముందు వెనక్కి తీసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో 'ఆల్టర్ టేబుల్' అన్నారంటే అక్కడికక్కడే కమిట్ అయిపోతుంది. ఒకదాని అలవాటుతో మరోదాని ముందు కూర్చుంటే ప్రమాదం.

ఇక క్వెరీ రాసే నేర్పు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకునే ఆచారం అందరికీ తెలిసిందే. అభ్యాసం కోసం భక్తుడి నంబరు, వచ్చిన తేదీ ఉన్న చిన్న టేబుల్ ఊహించుకుందాం. వరసగా ఏడు శనివారాలు పూర్తి చేసినవాళ్లెవరు? కొత్తవాళ్లు లూపులు రాస్తారు, టేబుల్‌ను ఆరుసార్లు దానితోనే జాయిన్ చేస్తారు. అంత అవసరం లేదు. ఒక్కో భక్తుడి శనివారపు రాకలకు మాత్రమే తేదీ క్రమంలో 1, 2, 3 అని విండో ఫంక్షన్‌తో నంబర్లు వేయాలి. ప్రతి తేదీ నుంచి ఆ నంబరుకు ఏడు రెట్ల రోజులు తీసేయాలి. 2025 జనవరి 4, 11, 18 తేదీలకు మూడింటికీ 2024 డిసెంబర్ 28 వస్తుంది. 25న రాకుండా ఫిబ్రవరి 1న వస్తే జవాబు జనవరి 4కి జరుగుతుంది. ఒకే జవాబు వచ్చినవన్నీ ఒక వరస. ఆ వరసలో ఏడో అంతకుమించో ఉంటే మొక్కు తీరినట్టే. ఇంత తేలికైన లెక్కలో ఇంత పని ఇమిడి ఉండటం నన్ను ఎప్పుడూ ఆనందపెడుతుంది.

అయితే ఒకే రోజు రెండుసార్లు నమోదైతే ఈ లెక్క చెడుతుంది. భక్తుడు, తేదీ కలిపి యూనిక్ అని టేబుల్‌కే నిబంధన పెట్టాలి. ఇంట్లో మైలవల్ల ఒక వారం తప్పినవారి లెక్క కొనసాగుతుందా, మళ్లీ ఒకటి నుంచా? దీనికి జవాబు కోడ్‌లో దొరకదు. మొక్కుకున్నవాళ్లను అడిగి రాసుకోవాలి.

క్వెరీ నెమ్మదిస్తే 'ఎక్స్‌ప్లెయిన్' చెబుతుంది: టేబుల్ మొత్తం చదువుతోందా, ఇండెక్స్ పట్టుకుందా అని. మన భూమి రికార్డుల్లో అడంగల్ సర్వే నంబరు వారీగా, 1-బి ఖాతా నంబరు వారీగా ఉండటంలోనూ ఇలా వెతికే దారి కావాలన్న అవసరమే ఉంది. పొలం పట్టుకుని వచ్చినవాడికి ఒక దారి, మనిషి పేరు పట్టుకుని వచ్చినవాడికి ఇంకో దారి. 'ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్' మాత్రం క్వెరీని నిజంగానే నడుపుతుంది. 'అప్‌డేట్' మీద వాడితే వరుసలు మారిపోతాయి. అదీ 'బిగిన్', 'రోల్‌బ్యాక్' మధ్యే వాడాలి.

తెలుగు దాచేటప్పుడు ఇంకొంచెం శ్రద్ధ కావాలి. 'వాడపల్లి' చూడటానికి నాలుగక్షరాలే. యూనికోడ్‌లో అది ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. ఇరవై బైట్లు చాలనుకుని కాలమ్ కట్టినచోట మన ఊరి పేరే పట్టదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ కాలమ్‌లో తెలుగు రాస్తే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఎన్‌వార్‌చార్ వాడాలి, కొటేషన్ ముందు 'ఎన్' పెట్టాలి. ఆ ప్రశ్నార్థకాల నుంచి అసలు పేరును మళ్లీ ఎవరూ రాబట్టలేరు.

అలాంటప్పుడు దిక్కు బ్యాకప్పే. అందుకే అది తీశాక వేరే కంప్యూటర్ మీద రిస్టోర్ చేసి చూడాలి. ఫైలు సైజు చూసి తృప్తి పడితే సరిపోదు. వరుసలు లెక్కపెట్టాలి, తెలుగు పేర్లు కొన్ని తెరిచి చదవాలి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోవాలి.