సంకేతస్థలమా, రేవా? – మల్టీకాస్ట్ పరిభాషపై ఒక పరిశీలన

సాంకేతిక పదాన్ని తెలుగు చేసేటప్పుడు నిఘంటువు చూపిన తొలి అర్థంతో సరిపెట్టుకోవడం పరిపాటి. కంప్యూటర్ నెట్‌వర్కులకు చెందిన ‘రాండెవూ పాయింట్’ ఆ అలవాటుకు గట్టి పరీక్ష.

ఒకే సమాచారాన్ని కోరినవారందరికీ చేరవేసే విధానం మల్టీకాస్ట్. ఇందులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతిని పంపరు. దారి చీలిన చోట రూటరే ప్రతులు తీస్తుంది. 1989లో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సి 1112 దీనికి ఆధారపత్రం. పంపేవారికి గ్రహీతలెవరో తెలియదు, గ్రహీతలకు పంపేవారెవరో తెలియదు. ఉభయులకూ తెలిసినది సమూహపు చిరునామా ఒక్కటే. వారిని కలిపే పనిని పిఐఎం స్పార్స్ మోడ్ ఒక రూటరుకు అప్పగిస్తుంది. గ్రహీతల వైపు రూటర్లు తమ కోరికను దాని దిశగా పంపుతాయి; పంపేవారి వైపు రూటరు తొలి సమాచారాన్ని దానికే అందిస్తుంది. అదే రాండెవూ పాయింట్. పరిచయం కుదిరాక గ్రహీత వైపు రూటరు దగ్గరి దారి పట్టవచ్చు.

సాహిత్య విద్యార్థికి వెంటనే స్ఫురించే మాట ‘సంకేతస్థలం’. అభిసారిక వెళ్ళేది అక్కడికే. నాయకుడు రాక విప్రలబ్ధ వంచితురాలయ్యేదీ అక్కడే. మాట అందమైనదే గాని భావం తలకిందులైంది. కావ్యంలో నాయికానాయకులు ఒకరినొకరు ఎరుగుదురు, స్థలం రహస్యం. నెట్‌వర్కులో స్థలం అన్ని రూటర్లకూ తెలిసి తీరాలి. కలిసేవారే ఒకరినొకరు ఎరుగరు.

నెల్లూరు తీరంలో ఇంతకంటె దగ్గరి మాట ఉంది: రేవు. మైపాడు, ఇస్కపల్లి వంటి తీరగ్రామాల్లో పడవ ఏ చేప తెస్తుందో కొనేవారికి ముందు తెలియదు. ఎవరు కొంటారో పడవవారికి తెలియదు. ఇరువురికీ తెలిసినది రేవే. వాడుక కుదిరిన వ్యాపారి తర్వాత నేరుగా పడవవారితోనే మాట్లాడుకోవచ్చు.

ఇక విశేషణాల సంగతి. స్టాటిక్‌ను ‘స్థిర’మనీ, డైనమిక్‌ను ‘గతిశీల’మనీ అంటే రెండోది ఎప్పుడూ తిరుగుతుండే కేంద్రమని పాఠకుడు భ్రమపడతాడు. భేదం కదలికలో లేదు, నిర్ణయించేదెవరన్న దానిలో ఉంది. మొదటి పద్ధతిలో నిర్వాహకుడు ప్రతి రూటరులోనూ కేంద్రం చిరునామాను స్వయంగా నమోదు చేస్తాడు. రెండో పద్ధతిలో, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సి 5059 ప్రకారం, అభ్యర్థి రూటర్లు తమను తాము ప్రకటించుకుంటాయి. ఎన్నికైన బూట్‌స్ట్రాప్ రూటరు ఆ జాబితాను చాటుతుంది. ఏ సమూహానికి ఏది కేంద్రమో రూటర్లన్నీ ఒకే లెక్కతో తేల్చుకుంటాయి. కాబట్టి ‘నియమిత రేవు’, ‘ఎన్నిక రేవు’ అనడం సమంజసం.

ఆర్‌ఎఫ్‌సి 1112 వెలువడిన ఏడాదే, నవంబరులో, పెను తుఫాను కావలి సమీపంలో తీరం దాటింది. అటువంటి రాత్రి ఇది కేవలం మాటల భేదంగా మిగలదు. హెచ్చరికల ప్రసారానికి తీరమంతటికీ ఒకే నియమిత రేవు ఉండి, అదీ ఒడ్డునే ఉండి, కరెంటు పోయి ఆగిపోతే కొత్తగా చేరేవారికి దారి ఉండదు. చిరునామాను ప్రతి రూటరులోనూ చేత్తో మార్చాలి. ఎన్నిక రేవైతే మరో అభ్యర్థి ఆ బాధ్యత స్వీకరిస్తుంది. అయితే తక్షణమే కాదు. అభ్యర్థి ప్రకటన చెల్లుబాటు గడువు సాధారణంగా 150 సెకన్లు. ‘గతిశీలం’ అనే మాటలోని చురుకుదనం ఈ రెండున్నర నిమిషాల జాప్యాన్ని కప్పిపుచ్చుతుంది.

అలాగని నియమిత రేవును తోసిపుచ్చలేము. పది రూటర్లున్న చిన్న వ్యవస్థకు ఎన్నికల హడావుడి అనవసరం. ఎనీకాస్ట్ పద్ధతిలో ఒకే చిరునామాను నెల్లూరులో ఒక రూటరుకూ కావలిలో ఒక రూటరుకూ ఇచ్చి, తమ వద్ద నమోదైన పంపేవారి వివరాలను అవి పరస్పరం తెలుపుకునేలా చేస్తే, ఒకటి పడిపోయినా దారులు రెండోదాని వైపు మళ్ళుతాయి. పొడవాటి తీరానికి ఇదే మేలైన ఎంపిక. ఇక్కడ చిరునామా ఒకటే, చోట్లు రెండు. దీన్ని ‘స్థిరం’ అంటే ఏది స్థిరమో తేలదు.

‘రేవు’పైనా ఒక ఆక్షేపణ ఉంది. కృష్ణపట్నం రేవు అన్నప్పుడు అది ఓడరేవు, అంటే పోర్టు. నెట్‌వర్కులో ‘పోర్టు’ పూర్తిగా వేరే పదం. దాన్ని అనువదించకుండా పోర్టుగానే ఉంచితే ఈ చిక్కు తీరుతుంది.