ఒడ్డు లెక్క

అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టు మీద నిలబడి ఒడ్డు ఎంత జరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. పోటుకి మునిగిన ఇసుక కొన్ని గంటలకే ఆటుకి మళ్లీ తేలుతుంది. "సముద్రం ముందుకొచ్చేసిందండీ" అంటారు పల్లిపాలెంలో. నిజమే. ఎంత వచ్చింది, ఎప్పటినుంచి, ఎందుకు? ఈ లెక్క తేల్చింది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు.

అక్కడ డెల్టా మీద పని పాతదే. సాంబశివరావు, వైద్యనాథన్ 1979లోనే గోదావరి డెల్టా పుట్టుక మీద వ్యాసం అచ్చువేశారు. కోనసీమలో ఊళ్లూ కొబ్బరితోటలూ ఉన్న ఇసుక మెరకలు చాలావరకు ఒకప్పటి సముద్రపు ఒడ్లే. వేల ఏళ్లుగా ఒండ్రు పోసి గోదావరి సముద్రాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది.

నేను ముచ్చటపడేది ఆ తర్వాతి పనితనానికి. 2004లో బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 'కరెంట్ సైన్స్'లో ఒక చిన్న వ్యాసం రాశారు. 1976, 2001 ఉపగ్రహ చిత్రాలను పోల్చి, 160 కిలోమీటర్ల గోదావరి డెల్టా అంచున మేట వేసింది పోను 1,836 హెక్టార్లు సముద్రం పాలయిందని తేల్చారు. ఏడాదికి 73.4 హెక్టార్లు. వినడానికి తేలిక. కానీ 1976 నాటి చిత్రంలో ఒక్కో చుక్క దాదాపు 80 మీటర్ల నేల. రోడ్ల కూడళ్లు, కాలవ వంతెనలు రెండు చిత్రాల్లోనూ సరిగ్గా ఒకదానిమీదొకటి కూర్చోవాలి. లేకపోతే లెక్కలో తేలే కోత సముద్రం చేసింది కాదు, మనం చేసింది. చిత్రం తీసినప్పటి పోటునూ లెక్కలోకి తీసుకోవాలి: వాలు తక్కువున్న తీరంలో పోటు ఒక్క అడుగు పెరిగినా ఒడ్డు గీత బారలకొద్దీ లోపలికి జరుగుతుంది.

ఆ వ్యాసం పేరు చూడండి. కోతకు ఆనకట్టలే కారణమా అన్నచోట బ్రాకెట్లో ప్రశ్నార్థకం పెట్టారు! ఒండ్రు తగ్గిందనీ, తీరం కుంగుతోందనీ లోపల రాసి కూడా శీర్షికలో చెయ్యి బిగబట్టారు. అంత ఓపిక మన పత్రికలకు ఉండదు.

2010 నాటి వ్యాసంలో ఆ గుర్తు లేదు. నాగేశ్వరరావు బృందం ఈసారి కృష్ణా, గోదావరి డెల్టాలను కలిపి చూసింది. 1930ల నుంచి 1965 దాకా రెండూ కలిసి నికరంగా 57.6 చదరపు కిలోమీటర్లు పెరిగాయి. ఆ తర్వాత 2008 లోపు 76 పోగొట్టుకున్నాయి. గోదావరి ఒండ్రు 1970ల్లో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులుండేది, 2000-2006 నాటికి 5.72 కోట్లకు పడిపోయింది. తగ్గుదల ఆనకట్టలవల్లేనని ఎలా నమ్మడం? వాటికి ఎగువనా దిగువనా కొలిచిన ఒండ్రును పోల్చారు. దిగువన ఎప్పుడూ తక్కువే. జలాశయాల అడుగు కొలిచిన సర్వేలూ తిరగేశారు. నీటి నిల్వకు చోటు తగ్గింది. మేట అక్కడ పడింది. అప్పుడుగాని ప్రధాన కారణం ఆనకట్టలేనని రాయలేదు.

ఇదంతా డెల్టా మొత్తానికి వేసిన లెక్క. ఒకచోట కోత, మరోచోట మేట ఉంటూనే ఉంటాయి. అంతర్వేదిలో ఫలానావారి సరుగుడు తోట ఎప్పుడు పోతుందో ఇందులో వెతక్కూడదు.