సున్నా కుదిరాకే కొలత

ఉత్తర తెలంగాణ మెట్ట సేద్యం మోటరు మీద నడుస్తుంది. ఎస్సారెస్పీ కాలువ నీళ్లు పారని చోట బావి, బావి ఎండిన చోట బోరు. విడతల కరెంటు రోజుల్లో దాదాపు ప్రతి స్టార్టరు పెట్టెలో ఒక ఆటో స్టార్టరు ఉండేది. కరెంటు రాగానే ఆ లైను మీది మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, ఓల్టేజీ కుంగేది, వైండింగులు మాడేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అయినా ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు దిగినా, బేరింగు పట్టేసినా మోటరు ఇప్పటికీ కాలుతుంది. 1970లో వినియోగదారులే సభ్యులుగా సిరిసిల్లలో విద్యుత్ సహకార సంఘం పుట్టిన ఈ నేల మీద, కరెంటు లైనుతో పాటే వైండింగ్ షాపూ పల్లెకు చేరువైంది. కరీంనగర్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ దాన్ని వెతుక్కోనక్కర లేదు.

ఆ షాపులో చేతి పని అందరికీ కనిపిస్తుంది. మాడిన కాయిళ్లు కోసి తీయడం, చుట్లు లెక్కపెట్టడం, తీగ గేజీ చూడడం, స్లాటులో కాగితం వేసి కొత్త కాయిలు దించడం, వార్నిష్ పట్టించడం. కనపడని పని కొలత. మోటరు విప్పాలా వద్దా, కాలింది వైండింగా లేక తెగింది కేబులా అన్నది తేల్చేది అదే. తప్పు తేలిస్తే బోరులోంచి పైపులన్నీ లాగిన కూలి రైతు నెత్తిన పడుతుంది.

ముల్లు మీటరు కాలం నాటి మెకానిక్కులకు ఒక క్రమం ఉండేది. ఓములు చూసే ముందు రెండు ప్రోబులూ ఆనించి, పక్కనున్న చిన్న నాబు తిప్పి ముల్లును సున్నా మీదికి తెచ్చేవారు. రేంజి మార్చిన ప్రతిసారీ మళ్లీ అదే పని. ఏ రేంజిలో చూడాలో కూడా తామే ఎంచుకునేవారు, లేకుంటే ముల్లు ఒక మూలకు కొట్టుకునేది. డిజిటల్ మల్టీమీటరు వచ్చాక ఆటో రేంజి ఆ శ్రమ తీసేసింది. దాంతో పాటే అలవాటూ పోయింది. మంచి మీటర్ల మీద ‘రేంజ్’, ‘రెల్’ అనే రెండు బటన్లు ఉంటాయి. నా దృష్టిలో పాత క్రమం ఎక్కడికీ పోలేదు, ఆ రెండు బటన్లలోనే ఉంది.

‘రెల్’ చేసే పని సరుకు తూచే ముందు ఖాళీ గిన్నెకు పాసంగం కట్టడమే. ప్రోబు తీగలకూ వాటి మొనలకూ సొంత నిరోధం ఉంటుంది, రెండూ ఆనిస్తే 0.2 నుంచి 0.5 ఓము దాకా చూపించవచ్చు. అప్పుడు రెల్ నొక్కితే మీటరు ఆ అంకెను గుర్తు పెట్టుకుని తరువాతి ప్రతి కొలతలోంచి తీసేస్తుంది. తెర మీద చిన్న త్రికోణం గుర్తు వెలుగుతుంది.

దీని విలువ పెద్ద మోటర్ల దగ్గర తెలుస్తుంది. వాటి టెర్మినళ్ల మధ్య నిరోధం ఒక ఓముకు అటూ ఇటూగా ఉండొచ్చు. మూడు జతలూ కొలిస్తే 1.4, 1.4, 1.2 వచ్చాయనుకుందాం. తేడా ఏడో వంతే కదా అనిపిస్తుంది. ప్రోబుల 0.4 తీసేస్తే అవి 1.0, 1.0, 0.8. తేడా ఐదో వంతు! ఒక కాయిల్లో చుట్లు కలిసిపోయాయన్న అనుమానం అక్కడ గట్టిపడుతుంది. అదే వంద ఓముల కాయిలు దగ్గర ఈ 0.4 లెక్కలోకే రాదు, రెల్ నొక్కే పనే లేదు.

ముందు రేంజి, తరువాత రెల్. ‘రేంజ్’ నొక్కి తక్కువ ఓముల దగ్గర ఆపాలి, ప్రోబులు ఆనించి అంకె నిలిచేదాకా ఆగాలి, అప్పుడు రెల్ కొట్టాలి. ఆటోలో వదిలేస్తే ప్రోబు కాస్త జారినా మీటరు మెగా ఓముల దాకా ఎగబాకి మళ్లీ కిందికి దిగుతుంది. రేంజి కట్టేస్తే ‘ఓఎల్’ అని, అంటే రేంజి దాటిందని, వెంటనే చెప్పేస్తుంది. తుప్పు పట్టిన టెర్మినల్‌ను గీకకుండా ఈ జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా వృథా.

బోరు మోటరుకు ఇంకో చిక్కుంది. స్టార్టరు దగ్గర కొలిస్తే కేబులు నిరోధం కూడా కలుస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వంద మీటర్లకు దాదాపు 0.74 ఓము, పోనూ రానూ ఒకటిన్నర. మోటరు దించకముందే కేబులు రెండో కొసన తీగలు కలిపి ఆ అంకె చూసుకోవాలి. మోటరు దించాక మూడు కొలతలూ స్టార్టరు మూత లోపల పెయింటుతో రాసిపెడితే రేపటి మెకానిక్కుకు అంతకు మించిన ఆధారం ఉండదు. రాసేటప్పుడు మోటరు చల్లగా ఉండాలి. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఆదిలాబాద్ జనవరి చలిలో కొలిచిన స్టేటరును రామగుండం మే ఎండలో కొలిస్తే వైండింగు చెడకుండానే అంకె మారుతుంది.

ఓల్టేజీలోనూ రెల్ పనికొస్తుంది. ఆర్–వై ఫేజుల మధ్య 412 ఓల్టులు ఉన్నప్పుడు రెల్ కొట్టి మిగతా రెండు జతలు చూస్తే –14, –7 అని తేడాలే కనిపిస్తాయి. అంటే 398, 405. సగటు 405, దాన్నుంచి పెద్ద తేడా 7, అంటే 1.7 శాతం. చిన్నదే అనిపిస్తుంది గానీ, ఫేజుల కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు దాకా పోతుంది. వైండింగు వేడెక్కేది అందుకే.

ఇక్కడే ప్రాణం మీదికి వచ్చే సంగతి ఉంది. 412 దగ్గర రెల్ కొట్టిన మీటరు మరో 412 మీద పెడితే సున్నా చూపిస్తుంది. ఆ సున్నా చూసి కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటే అంతే. త్రికోణం వెలుగుతుంటే తెర మీది అంకె తేడా మాత్రమే. ఓల్టేజీ చూడడం అయిపోగానే రెల్ తీసేయాలి. లైను ఆపాక, తీగ ముట్టే ముందు, రెల్ తీసేసిన మీటరుతో మళ్లీ చూడాలి.

వైండింగు నుంచి బాడీకి లీకేజీ ఉందో లేదో తేల్చడం మల్టీమీటరు పని కాదు. దాని బ్యాటరీ ఇచ్చేది కొద్ది ఓల్టులే, తడి పట్టిన ఇన్సులేషన్ కూడా అంత చిన్న ఓల్టేజీకి నిలుస్తుంది. అందుకు 500 ఓల్టుల మెగ్గర్ పట్టాల్సిందే.