పావుగంటకు 250 మాటలు

ఆంథొనీ ట్రాలప్ తపాలా ఉద్యోగి. 1834లో లండన్‌లో గుమాస్తాగా చేరి, ఐర్లండ్‌లో ఊరూరా తిరిగి, 1867 దాకా ఆ శాఖలోనే పనిచేశాడు. చానెల్ దీవుల్లో 1852లో వీధి పోస్టు డబ్బాలు వెలిసింది ఆయన సిఫార్సు వల్లే. ఇలాంటి కొలువు చేస్తూనే చాలా పుస్తకాలు రాశాడు. మొత్తం నవలలు 47. జనవరి ఒకటికో ఉగాదికో సంకల్పాలు రాసుకుని, నెల తిరక్కుండా వాటిని మరిచిపోయేవాళ్లు ఈయన పనితీరును కాస్త దగ్గరగా చూడాలి.

పొద్దున్నే 5:30కి బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆ వేళకు లేపి కాఫీ ఇవ్వడానికి ఇంట్లో పనిచేసే ముసలాయనకు ఏడాదికి 5 పౌన్లు అదనంగా ముట్టజెప్పేవాడు. మొదటి అరగంటలో ముందురోజు రాసింది చదువుకోవడం. ఆ తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు. పేజీ అంటే ఇంత అని ఖాయం చేసుకోకపోతే కొలత సాగిపోతుందని ఆయనకు తెలుసు. అందుకే పేజీని 250 మాటలుగా నిర్ణయించి, రాస్తూనే మాటలు లెక్కపెట్టాడు. ప్రయాణాలు ఎక్కువైనప్పుడు రైలుపెట్టెలో ఒళ్లో పలక పెట్టుకుని పెన్సిలుతో రాసేవాడు. భార్య దాన్ని తర్వాత సాఫుగా ఎత్తి రాసేది.

డైరీ సంగతి ఇంకా ముఖ్యం. నవల మొదలుపెట్టేముందే గడువు పెట్టుకుని, దాన్ని వారాలుగా విడదీసి డైరీ సిద్ధం చేసేవాడు. ఏ రోజు ఎన్ని పేజీలు రాశాడో ఆ రోజే అందులో ఎక్కించేవాడు. రాయని రోజు కూడా అందులో కనిపించి తీరేది. సగటున వారానికి 40 పేజీలు. ఒక్కోసారి 20కి దిగింది, ఒకసారి 112కి ఎక్కింది. ఈ హెచ్చుతగ్గుల్లోనే అసలు తెలివి ఉంది. ఆఫీసులో పని ఒత్తిడి ఎంత, పుస్తకం ఎంత త్వరగా కావాలి అన్నది చూసుకుని వారానికి ఎన్ని పేజీలో నిర్ణయించేవాడు. ఖాళీగా ఉన్న నెలలో పెట్టుకున్న లక్ష్యాన్ని తీరికలేని నెలమీద రుద్దలేదు. సంకల్పాలు రాసుకునేవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

ఆయన పోయాక 1883లో ఆత్మకథ వచ్చింది. కళాకారుడు ఇలా గడియారం చూసుకుని రాస్తాడా అని అప్పట్లో కొందరు ముఖం చిట్లించారు. అది అన్యాయం. ఆయన రాసిన బార్సెట్‌షైర్ నవలలను ఇప్పటికీ జనం ఇష్టంగా చదువుతున్నారు.

పనిని ఒక పూటకు సరిపడా ముక్కలు చేయడం ఎందుకు ఫలిస్తుందో 1981లో ఆల్బర్ట్ బాండూరా, డేల్ షంక్ ప్రచురించిన ప్రయోగం చూపించింది. తీసివేతలు రాని 40 మంది పిల్లలను తీసుకుని, ఏడు విడతల్లో చేయడానికి 42 పేజీల లెక్కలు ఇచ్చారు. ఒక జట్టుకు విడతకు 6 పేజీలు చేయమని చెప్పారు. ఇంకో జట్టుకు చివరికల్లా 42 పేజీలూ పూర్తిచేయాలన్నారు. మరో జట్టుకు ఏ లక్ష్యమూ పెట్టలేదు. ఆరేడులు నలభై రెండే కదా! అయినా 6 పేజీల పిల్లలు మిగతావాళ్లను దాటిపోయారు. దూరపు లక్ష్యం పెట్టుకున్నవాళ్లకు, అసలు లక్ష్యమే లేనివాళ్లకు పెద్ద తేడా కనిపించలేదు. మనసుకు హత్తుకునే విషయం ఇంకొకటి ఉంది: ఆరేసి పేజీలు చేసిన పిల్లలకు లెక్కలంటే ఇష్టం కూడా పెరిగింది.

ముసలాయన కాఫీకీ, అంటే పనికి వేళ ముందే ఖాయం చేసుకోవడానికీ ఇలాంటి ఆధారమే ఉంది. జర్మనీలో మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్సర్ విద్యార్థులకు ఒక పని పెట్టాడు: క్రిస్మస్ ముందురోజు ఎలా గడిచిందో రెండు రోజుల్లోగా రాసి పంపాలి. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే తేల్చుకున్నవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా పంపారు. అలా తేల్చుకోనివాళ్లలో పంపింది దాదాపు మూడోవంతు మందే.

గ్రూప్స్‌కు చదివే కుర్రాడు ‘ఈసారి కొట్టాలి’ అనుకుంటాడు. షుగరున్న పెద్దాయన ‘బరువు తగ్గాలి’ అనుకుంటాడు. ర్యాంకూ బరువూ పూర్తిగా వాళ్ల చేతిలో లేవు. రాత్రి భోజనమయ్యాక పాలిటీ పుస్తకంలో పది పేజీలు, సాయంత్రం ఆరింటికి పార్కులో రెండు చుట్లు మాత్రం వాళ్ల చేతిలోనివే. డైరీలో ఎక్కాల్సింది ఇవి.

తెలుగిళ్లలో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ గోడ క్యాలెండర్ గడుల్లోనే రాసుకుంటారు. అందులో ఇంకో అంకెకు చోటుంటుంది. ఈ వారం మీకున్న తీరికను బట్టి ఒక్క పనికి రోజువారీ వాటా నిర్ణయించుకోండి. ఏ వేళ, ఎక్కడ చేస్తారో రాసిపెట్టండి. చేసిన రోజు ఎంత చేశారో గడిలో వేయండి. చేయని రోజు సున్నా వేయండి, ఖాళీగా వదలొద్దు. ఆదివారం ఆ అంకెలు చూసుకున్నాకే వచ్చే వారం వాటా పెంచాలో తగ్గించాలో తేల్చుకోండి.