మా పీరుకు మొఖం గీయొద్దు

వీడియో గేమ్‌లో ముస్లిం ఎక్కడ నిలబడి ఉంటాడు? తుపాకీ మొనకు ఎదురుగా. ఆడేవాడి మొఖం తెర మీద కనబడదు, వాడి చేతిలో తుపాకీ మాత్రం కనబడుతుంది. ఎదుటివాడి గడ్డం, తలపాగా, మెడకు చుట్టుకున్న రుమాలు కనబడతాయి. అంతవరకు చాలు, కాల్చడానికి. 2007లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడ్రన్ వార్‌ఫేర్'లో యుద్ధం కొంత భాగం పేరులేని ఒక అరబ్బు దేశంలో జరుగుతుంది. దేశానికి పేరు కూడా అక్కర్లేదు. 2009లో వచ్చిన దాని రెండో భాగంలో కరాచీ ఉంది. ఆ కరాచీ వీధుల్లో బోర్డులు ఉర్దూలో లేవు, అరబ్బీలో ఉన్నాయి. గీసినవాడికి రెండూ ఒక్కటే. కాల్చేవాడికి చదవాల్సిన పని లేదు.

ఈ సంగతి చాలామంది చెప్పారు. సినిమాల్లో మన మీద జరిగిందే ఇక్కడా జరిగింది. నేను మాట్లాడాలనుకున్నది శత్రువుగా గీసిన ముస్లిం గురించి కాదు. ఇష్టంతో గీసిన ముస్లిం గురించి. ఇప్పుడు గేమ్‌లు తయారుచేసేవాళ్లు కొత్త పాత్రల కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. గ్రీకు దేవుళ్లు, ఉత్తర ఐరోపా వీరులు అరిగిపోయారు. ఎవరికీ అంతగా తెలియని జానపదం కావాలి వాళ్లకు. రేపో మాపో మన చావిడి గడప దాకా వస్తారు. వచ్చేముందు కొన్ని మాటలు తేల్చుకోవాలి.

గేమ్‌లో పాత్ర అంటే బొమ్మ ఒక్కటే కాదు. కథలో పాత్రను మాటల్లో చూస్తాం, సినిమాలో నటనలో చూస్తాం. గేమ్‌లో పాత్ర ఏం చేయగలదు, ఏం చేయకూడదు, దాని మీద ఎవరి పెత్తనం నడుస్తుంది అన్నదే పాత్ర. వేషం ఎంత సరిగ్గా కుట్టినా ఆ నియమం తప్పితే మనిషి మారిపోతాడు.

ఇఫ్రీత్‌ను చూడండి. ఖురాన్‌లో నమ్ల్ సూరాలో అతను సులేమాన్ ప్రవక్త కొలువులో ఉంటాడు. సబా రాణి సింహాసనం ఎవరు తెస్తారని ప్రవక్త అడిగితే, మీరు లేచేలోగా నేను తెస్తానని ముందుకొస్తాడు. తనకు బలముందని, తనను నమ్మొచ్చని తానే చెప్పుకుంటాడు. అంటే ఇఫ్రీత్‌కు నోరుంది, మర్యాద ఉంది, కొలువులో ఒక చోటుంది. జపాన్‌లో తయారైన 'ఫైనల్ ఫాంటసీ' గేమ్‌లలో అదే ఇఫ్రీత్ కొమ్ములున్న నిప్పు మృగం. పిలిస్తే వస్తాడు, నిప్పు కక్కుతాడు, పోతాడు. పేరు మిగిలింది, కొలువు పోయింది.

గూల్ గతి ఇంకా ఘోరం. అరబ్బు జానపదంలో గూల్ ఎడారి దారుల్లో వేషం మార్చి బాటసారిని దారి తప్పించే జీవి. ఒంటరి ప్రయాణికుడి భయం అది. ఫ్రాన్సులో ఆంత్వాన్ గాలాన్ 1704 నుంచి 1717 దాకా 'వెయ్యిన్నొక్క రాత్రులు' అనువదించి అచ్చేశాడు. గోరీలు తవ్వి శవాలు తినే గూల్ యూరపుకు ఆ పుస్తకం తోవనే వెళ్లింది. ఆ మార్పు అనువాదకుడి చేతిలోనే జరిగిందని పరిశోధకులు వాదించారు. అక్కడ్నుంచి ఇంగ్లీషు నవలల్లోకి, బల్లమీద ఆడే ఆటల్లోకి, కంప్యూటర్ గేమ్‌లలోకి నడిచింది. ఇవాళ గూల్ అంటే కుళ్లిన శవం. మన పిల్లలు మన మాటను పరాయి అర్థంతో నేర్చుకుంటున్నారు.

ఇక జిన్. జిన్‌లలో ఖురాన్ విని ఈమాన్ తెచ్చుకున్నవాళ్లున్నారని ఒక పూర్తి సూరాయే ఉంది. మంచి చెడ్డలు ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి ఉన్నట్టే జిన్‌కూ ఉంది. మన ఇళ్లలో అమ్మమ్మలు రాత్రిపూట వేణ్నీళ్లు నేల మీద పారబోసేముందు హెచ్చరిక చెప్పేది అందుకే, అక్కడ కనబడని పొరుగువాళ్లు ఉండొచ్చని. జిన్ మనకు పొరుగు. గేమ్‌లో జిన్ చంపాల్సిన లెక్క.

2023లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ మిరాజ్' మీద నాకు ఆశ కలిగింది. తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్‌ను ప్రేమగా కట్టారు. బజార్లు, అజాన్, అన్నీ ఉన్నాయి. కథానాయకుడు బాసిమ్‌ను పీడకలలో ఒక జిన్ వెంటాడుతుంది. తీరా కథ చివరికి వచ్చేసరికి ఆ జిన్ జిన్ కాదు. బాసిమ్ పూర్వజన్మలో లోకీ అనే ఉత్తర ఐరోపా దేవుడట, ఆ పాత బాధే జిన్ రూపంలో కనబడిందట! బగ్దాద్ మొత్తం మనకిచ్చి, లోపలి ఆత్మను మాత్రం తమ దగ్గర ఉంచుకున్నారు. మన ఇంట్లో మనకు వచ్చే పీడకల కూడా మనది కాదన్నమాట.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడా గేమ్‌లు తయారవుతున్నాయి. పుణెలో తయారైన 'రాజీ' 2020లో వచ్చింది. సర్కస్ పిల్ల తమ్ముణ్ని రాక్షసుల నుంచి విడిపించే కథ. దుర్గ, విష్ణువు ఆమెకు అండ. ఒక ఆడపిల్లను నాయికగా నిలబెట్టినందుకు మెచ్చుకోవాలి. హైదరాబాద్ స్టూడియో ఓగర్ హెడ్ 2017లో 'అసుర' తెచ్చింది. అందులో అసురుడే నాయకుడు. రావణుణ్ని, నరకాసురుణ్ని తిరగేసి చదువుతున్న బహుజనులకు ఇది తెలిసిన తోవే. కాని గమనించండి. దేవుడి వైపు నిలబడినా, అసురుడి వైపు నిలబడినా ఇల్లు పురాణానిదే. "మన మూలాలు" అన్నప్పుడు ఆ "మన"లో ఎవరున్నారు? పురాణం గ్రంథానికెక్కిన కథ. ఊరి కథ అంతకంటే పెద్దది. అందులో మల్లన్న ఉన్నాడు, పోచమ్మ ఉంది, పీరూ ఉన్నాడు. పీరు దగ్గరికి వచ్చేసరికి మన డిజైనర్లకు తోవ తెలియదు.

తోవ చూపిన మనిషి దాదాపు 200 ఏళ్ల కిందనే ఉన్నాడు, మన ఏలూరువాడే. పేరు జాఫర్ షరీఫ్. మద్రాసు సర్కారు కొలువులో ఉన్న హెర్‌క్లాట్స్ అనే డాక్టరు అడిగితే దక్కన్ ముసల్మానుల ఆచారాలన్నీ రాసిపెట్టాడు. అది 1832లో 'కానూనె ఇస్లాం' పేరుతో ఇంగ్లీషులో అచ్చయింది. పుట్టుక నుంచి చావు దాకా అందులో ఉన్నాయి. జిన్‌ల సంగతి, తాయెత్తుల సంగతి ఉంది. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మొహర్రం వేషాల జాబితా. మజ్నూ వేషం, పులి వేషం, కాకి వేషం వేసే కవ్వాషా, ముసలీ ముసలాడు, వడ్డీ వ్యాపారి, హాజీ అహ్మఖ్, హాజీ బేవఖూఫ్. చివరి ఇద్దరు హాజీలు మూర్ఖుల జంట. మత పెద్దరికాన్ని మతం పండుగలోనే ఎగతాళి చేసే ధైర్యం మనవాళ్లకు ఉండేది!

పాత్రల రూపకల్పన అని ఇవాళ పెద్ద పేరుతో చెప్తున్న పని మన వీధుల్లో మనవాళ్లు రంగుతో, ఈకలతో, గంటలతో చేశారు. ప్రతి వేషానికి ఒక నడక, ఒక మాట తీరు, అడుక్కునే హక్కు ఉన్నాయి. వడ్డీ వ్యాపారి వేషం కట్టిందెవరో ఆలోచించండి. అప్పుల్లో ఉన్నవాళ్లే కట్టి ఉంటారు. ఆ కోపం, ఆ నవ్వు తెలియకుండా ఆ వేషం బొమ్మ ఒక్కటి ఎత్తుకుపోతే మిగిలేది పంచె, లెక్కల పుస్తకం. పులి వేషం కూడా అంతే. పులి పిల్లల్ని భయపెట్టడానికి వచ్చినట్టుంటుంది, కాని చాలాచోట్ల అది మొక్కుబడి. బిడ్డ బతికితే పులి కడతానని తల్లి మొక్కుకుంటుంది. ఆ పులి ఒంటి మీది చారల వెనక ఒక తల్లి భయం ఉంది. గేమ్‌లో ఆ పులి కొరికే జంతువైతే తల్లి మాయమైపోతుంది.

వేషాలు గీయండి. వేషం గీయడానికే పుట్టింది. పీరు మాత్రం వేరు.

పీరంటే విగ్రహం కాదు. వెండిదో ఇత్తడిదో పంజా. దానికి కట్టిన దట్టీలు, కర్ర, ఊదు పొగ. దానికి కళ్లు లేవు, ముక్కు లేదు. కర్బలాలో చచ్చిపోయినవాళ్ల గుర్తు అది, వాళ్ల రూపం కాదు. ఊళ్లో పీరును అసన్నా, ఉసేన్నా అని అన్నదమ్ముల్ని పిలిచినట్టు పిలుస్తారు, అయినా ఎవరూ మొఖం గీయలేదు. ఎంత దగ్గరితనమో అంత అదుపు. రేపు ఒక డిజైనర్ వచ్చి పీరుకు కండలు పెట్టి, పంజాను ఆయుధం చేసి, గుండంలోంచి లేచొచ్చే వీరుడిగా నిలబెడితే, అది గౌరవమని కూడా అనుకుంటాడు. కాని అది మా దుఃఖం మీద రంగు పూయడం.

మరి పీరుతో గేమ్ చేయలేమా? చేయొచ్చు. పాత్ర పీరు కాదు, పీరునెత్తుకునే మనిషి. సవారి లేచినప్పుడు చూసినవాళ్లకు తెలుసు. ఎత్తుకున్నవాడు నడవడు, పీరు నడిపిస్తుంది. ఒక ఇంటి ముందు ఆగుతుంది, ఇంకో ఇల్లు దాటిపోతుంది. గేమ్‌లన్నీ ఆడేవాడికి పెత్తనం ఇస్తాయి, మీట నొక్కితే ముందుకు, ఇంకోటి నొక్కితే వెనక్కి. సవారిలో ఆ పెత్తనం వదులుకోవాలి. వేళ్లు మీట మీద ఉన్నా తోవ మన చేతిలో లేని ఆట ఒకటి ఊహించండి. ఎవరి గడప ముందు ఆగాలో ముందే తెలియదు. ఆగిన గడప వాళ్ల బాధ వినాలి. మలీద అందరికీ అందాలి. డప్పు కొట్టే మాదిగ అన్న లేకుండా సవారి లేవదు. పదోరోజు పీరును సాగనంపాలి, గెలవడం లేదు. కర్బలాలో గెలుపు లేదు కదా! ఓడిపోయినవాళ్లను తలచుకోవడమే పండుగ అయిన ఆట ఇప్పటిదాకా ఎవరైనా చేశారా?

ఇలాంటి పని అసాధ్యమేమీ కాదు. అలాస్కాలో ఇన్యుపియాట్ ఆదివాసుల కథతో 2014లో 'నెవర్ అలోన్' అనే గేమ్ వచ్చింది. నూనా అనే పిల్ల, ఒక తెల్ల నక్క కలిసి ఆగని మంచు తుఫాను ఎక్కడ పుడుతుందో వెతుక్కుంటూ పోతారు. ఆ కథ చెప్పిన పెద్దాయన రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ అప్పటికే లేడు. ఆయన కూతుర్ని వెతికి పట్టుకుని అనుమతి అడిగారు. కూక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే వాళ్ల సొంత సంస్థే పెట్టుబడి పెట్టి పనిలో కూర్చుంది. దాదాపు 40 మంది పెద్దలు, కథకులు పాలుపంచుకున్నారు. కథ వాళ్ల భాషలోనే వినబడుతుంది. ఇద్దరు కలిస్తేనే తోవ దొరుకుతుందన్నది వాళ్ల బతుకు నీతి, గేమ్ నియమం కూడా అదే. కథ ఎవరిదో వాళ్లు బల్ల దగ్గర కూర్చుంటే తేడా ఇలా వస్తుంది.

ఇక్కడ మనవాళ్లతో ఒక మాట. పీర్లు, దర్గాలు మనవి కావు, షిర్క్, బిద్అత్ అనే పెద్దలున్నారు. వాళ్ల విశ్వాసంతో నాకు తగాదా లేదు. కాని వాళ్ల లెక్కలో ముస్లిం కథ అంటే అరబ్బుదో ఇరానుదో కావాలి. చదువుకున్న ఉర్దూ పెద్దలు లక్నో నవల్ కిషోర్ ప్రెస్ 1883 నుంచి అచ్చేసిన 'తిలిస్మె హోష్‌రుబా' చూపిస్తారు. గొప్పదే. ఒక్కో మాయానగరాన్ని ఛేదించే కిటుకు ఒక పలక మీద రాసి ఉంటుంది, గేమ్‌కు అంతకంటే ఏం కావాలి! అయినా అందులో దూదేకులోడు ఎక్కడ? కసాబు, ఫకీరు, ఊళ్లో ఉర్దూ రాక తెలుగులో దువా చేసుకునే ముసలమ్మ ఎక్కడ? పురాణం బహుజనుణ్ని బయట నిలబెట్టినట్టే మన దాస్తాన్ వీళ్లను బయట నిలబెడితే మనం నేర్చుకున్నదేమిటి?

సెక్యులర్ మిత్రులతో ఇంకో మాట. మీకు పీర్ల పండుగంటే ఇష్టం. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప దగ్గర హిందువులు ముస్లింలు కలిసి మొక్కే సంగతి అఫ్సర్ 2013లో ఇంగ్లీషు పుస్తకంగా రాసినప్పుడు మీరు సంతోషించారు, మేమూ సంతోషించాం. కాని సామరస్యం పోస్టర్ మీద పీరు బొమ్మ వేసినంత సులువు కాదు, ఆ పీరును ఎత్తుకునే సాయిబుకు పట్నంలో కిరాయి ఇల్లు దొరకడం. పీరు ఉండి సాయిబు లేని గేమ్ రేపు వస్తే దాన్ని సెక్యులర్ అని మెచ్చుకోకండి. పంజా ముచ్చటగా ఉందని చూసేముందు దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో అడగండి.

జానపదం దొరికినవాడు దోచుకునే గని కాదు. దానికి ముజావర్లున్నారు, డప్పులవాళ్లున్నారు, మొక్కుకున్న తల్లులున్నారు. గేమ్ చేసే పనిముట్లు ఇవాళ ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిని పట్టుకునే పిల్లలు మన పల్లెల్లో, మన బస్తీల్లో ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టండి. లేకపోతే కరాచీ బోర్డులే మళ్లీ వస్తాయి, ఈసారి మన ఊరి పేరుతో. వాళ్లు చేసిన ఆటలో పీరుకు మొఖం ఉండదు. ఎత్తుకున్నవాడికి ఉంటుంది. ఆ మొఖం తుపాకీ మొనకు ఎదురుగా కాదు, మీ గడప ముందు ఆగుతుంది. తలుపు తీస్తారా లేదా అన్నది మీ వంతు ఆట.